చర్చికి రెండు తాళాలు

నాన్నని వాట్సాప్ గ్రూప్‌లోంచి తీసేశారు.

వినడానికి చిన్న విషయమే. నేను హైదరాబాద్‌లో ఆఫీసు క్యాంటీన్‌లో ఇడ్లీ తింటుంటే అమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్న రాత్రి నుంచి అన్నం ముట్టలేదురా" అంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నా. సంగతి అది కాదు. మా సంఘం గ్రూప్‌లో ఆయన ఒక మెసేజ్ పెట్టారు. చర్చి కాంపౌండ్‌లో ఉన్న షాపుల అద్దె లెక్కలు ఎప్పుడు చదువుతారు అని. పది నిమిషాల్లో అడ్మిన్ ఆయన్ని రిమూవ్ చేశాడు. ఆ అడ్మిన్ మా బాబాయ్. నాన్న సొంత తమ్ముడు.

తర్వాతి ఆదివారానికి చర్చి తలుపుకి తాళం పడింది. ఆ పై ఆదివారానికి దాని పక్కనే ఇంకో తాళం పడింది. ఒకటి బాబాయ్ వర్గానిది, ఒకటి నాన్న వర్గానిది. ఎవరి తాళంచెవి వాళ్ల జేబులో. తలుపు మాత్రం ఎవరికీ తెరుచుకోదు. ఒక వర్గం చర్చి వరండాలో, ఇంకో వర్గం రోడ్డవతల రేకుల షెడ్డులో ఆరాధన చేసుకుంటున్నారు. ఒకే టైమ్‌కి, రెండు మైకులతో. అమ్మ నాన్నతో పాటు షెడ్డుకి వెళ్తుంది. నానమ్మ చిన్నకొడుకు వెనక వరండాకి వెళ్తుంది. ఇద్దరి మధ్యా నలిగిపోయిన అయ్యగారు బదిలీ పెట్టించుకుని వెళ్లిపోయారు.

మాది రేపల్లె దగ్గర ఒక పల్లె. ఊరి పేరు, ఏ మిషన్ చర్చో చెప్పను. గొడవ తీరాలనే రాస్తున్నా, పెరగాలని కాదు.

ఈలోగా చెల్లి పెళ్లి కుదిరింది. పెళ్లి షెడ్డులోనా, వరండాలోనా, రేపల్లెలో ఫంక్షన్ హాల్లోనా? చెల్లి ఒక్కటే మాట అంది. "నేను సండేస్కూల్‌కి వెళ్లిన చర్చిలోనే, లోపల. తాళాలు మీ గొడవ."

నాన్నకి ఫోన్ చేస్తే, "సంఘానికి శిరస్సు క్రీస్తు. మీ బాబాయ్ కాదు" అన్నారు. బాబాయ్‌కి చేశాను. ఆయనా అదే మాట. "శిరస్సు క్రీస్తురా. మీ నాన్న కాదు."

ఇద్దరూ ఒకే మాట చెప్తున్నారు. మరి తలుపు ఎందుకు తెరుచుకోదు? నా ఉద్యోగమే సిస్టమ్‌లో ఎవరికి ఏ పర్మిషన్ ఉండాలో చూడడం. కానీ ఈ ప్రశ్న అక్కడ తేలేది కాదు. వారం సెలవు పెట్టి, శుభలేఖలు సంచిలో వేసుకుని బయల్దేరాను.

ఒకే శిరస్సు, నాలుగు పద్ధతులు

తెనాలిలో దిగి మేనత్త వాళ్లింట్లో శుభలేఖ ఇచ్చాను. మావయ్య రిటైర్డ్ టీచర్, చరిత్ర పిచ్చి. చర్చికి తాళాలు పడ్డాయని చెప్తే నవ్వి, "అసలు చర్చి ఎవరి మాట వినాలన్న దానిమీద ఈ చుట్టుపక్కలే నాలుగు పద్ధతులున్నాయిరా" అని మొదలుపెట్టాడు.

మొదటిది లూథరన్ పద్ధతి. 1842 జులై 31న జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ గుంటూరు చేరాడు. అప్పటి కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆయనకి అండగా నిలిచాడు. ఆ పని పెరిగి పెరిగి 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం అయింది. ఇందులో ఊరి సంఘం ఒంటరిది కాదు. పైన సినడ్, ఆ పైన కేంద్ర పరిపాలన ఉంటాయి. అయ్యగారిని పంపేదీ, మార్చేదీ వాళ్లే.

రెండోది బాప్టిస్టు పద్ధతి. బాపట్ల, ఒంగోలు వైపు ఎక్కువ. వీళ్ల లెక్కలో ప్రతి ఊరి సంఘం తనంతట తానే పూర్తి సంఘం. పై నుంచి ఆర్డర్ వేసేవాళ్లు ఉండరు. సభ్యులంతా కూర్చుని తేల్చుకోవాలి.

మూడోది సాల్వేషన్ ఆర్మీ, మనవాళ్లు రక్షణ సైన్యం అంటారు. పేరుకి తగ్గట్టే పాస్టర్లకి కెప్టెన్, మేజర్ లాంటి ర్యాంకులుంటాయి. అందరిపైనా లండన్‌లో జనరల్. ఆర్డర్ పై నుంచి కిందికి వస్తుంది.

నాలుగోది ఈ ముప్పై నలభై ఏళ్లలో వీధివీధికీ వచ్చిన స్వతంత్ర ప్రార్థనా మందిరాలు. చాలాచోట్ల మొదలుపెట్టిన పాస్టర్‌గారి మాటే చివరి మాట.

"మరి వీటిలో ఏది కరెక్ట్ మావయ్యా?"

"నాలుగింటిలోనూ శిరస్సు క్రీస్తే అని రాసుకున్నారు. నాలుగింటిలోనూ మంచి సంఘాలు చూశా, కొట్టుకున్న సంఘాలూ చూశా. పద్ధతి మారిస్తే గొడవ ఆగదురా. అధికారం అంటే ఏంటో అర్థం కావాలి" అన్నాడు.

ఇవ్వబడిన అధికారం

బాపట్ల వెళ్లే రైల్లో ఫోన్‌లో బైబిల్ యాప్ తెరిచాను. మత్తయి సువార్త చివర్లో, లేచిన యేసు తన శిష్యులతో పరలోకంలోనూ భూమ్మీదా సర్వాధికారం తనకి ఇవ్వబడిందని చెప్తాడు. నాన్న, బాబాయ్ ఇద్దరూ చెప్పే వాక్యం ఇదే. "ఇవ్వబడింది" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అంటే లాక్కున్నది కాదు. మరి అంత అధికారం ఉన్నాయన ఆ తర్వాత ఏం చేశాడు? సింహాసనం వేయించుకోలేదు. శిష్యుల్ని మనుషుల దగ్గరికి పంపాడు. వెళ్లండి, నేర్పండి, నేను మీతో ఉంటాను అన్నాడు. క్రైస్తవ విశ్వాసంలో సంఘం పని అక్కడ మొదలవుతుంది. అధికారం ఆయనది, సంఘానిది కబురు మోసే పని.

మార్కు సువార్త పదో అధ్యాయంలో ఇంకో సంఘటన ఉంది. యాకోబు, యోహాను అన్నదమ్ములు. యేసు రాజయ్యాక కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు కూర్చోవాలని అడిగారు. మిగతా పదిమందికీ ఒళ్లు మండింది. అది చదివి నవ్వొచ్చింది. మా నాన్న, బాబాయ్ రెండు వేల ఏళ్ల కిందటే అక్కడున్నారు! యేసు అందర్నీ పిలిచి, లోకంలో పాలకులు జనం మీద పెత్తనం చేస్తారు, మీ మధ్య అలా ఉండకూడదు, ముందుండాలనుకున్నవాడు అందరికీ సేవకుడు కావాలి అన్నాడు. చనిపోయే ముందు రాత్రి తువ్వాలు నడుముకి కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగినట్టు యోహాను సువార్తలో ఉంది. తనకి అన్నీ అప్పగించబడ్డాయని తెలిసే ఆ పని చేశాడని అక్కడ రాసి ఉంది.

పేతురుకి పరలోక రాజ్యపు తాళంచెవులు ఇస్తానని యేసు చెప్పిన మాట కూడా ఉంది. దాన్ని బట్టే పేతురు వారసుడు పోప్ అని కాథలిక్కులు నమ్ముతారు. ప్రొటెస్టెంట్లు దాన్ని ఇంకోలా చదువుతారు. విశ్వాసులందరూ యాజకులేనని 1520లో మార్టిన్ లూథర్ రాశాడు. ఈ వాదన ఐదు వందల ఏళ్లుగా నడుస్తోంది, నేను తేల్చేది కాదు. ఒక్క విషయంలో మాత్రం అందరూ ఒకటే. ఆ తాళంచెవులు పేతురు సొంతం కావు. ఇచ్చినవాడు ఇంకొకడు.

మా ఫీల్డ్‌లో ఇది రోజూ చూసేదే. అడ్మిన్ యాక్సెస్ ఇచ్చేది పని చేయడానికి. సర్వర్ అతనిది అయిపోదు. ఓనర్ వేరు, అడ్మిన్ వేరు. గొడవంతా అడ్మిన్ తానే ఓనర్ అనుకున్నప్పుడే.

అసలు చర్చి అన్న ఇంగ్లిష్ మాటకి మూలం గ్రీకులో ఉంది. దాని అర్థం "ప్రభువుకి చెందినది". తలుపు మీద రాసినట్టే ఉంది కదా ఓనర్ పేరు!

1934లో జర్మనీలో ఇదే ప్రశ్న ప్రాణాల మీదికి వచ్చింది. హిట్లర్ మనుషులు చర్చిని చేతిలోకి తీసుకుంటుంటే, కొంతమంది లూథరన్, రిఫార్మ్డ్ సంఘాలవాళ్లు బార్మెన్ అనే ఊళ్లో కూడి ఒక ప్రకటన చేశారు. ముసాయిదా ఎక్కువగా కార్ల్ బార్త్ రాసిందే. సంఘం వినాల్సింది క్రీస్తు మాటే, ఇంకే నాయకుడి మాటా దానికి సమానం కాదన్నది అందులో సారం. ఇంకో సంగతి కూడా చెప్పారు. సంఘంలో రకరకాల పదవులున్నది ఒకరు ఇంకొకరి మీద పెత్తనం చేయడానికి కాదని. బయటి నియంతకి చెప్పిన మాట, లోపలి చిన్న నియంతలకీ వర్తిస్తుంది.

అమ్మమ్మ చెప్పిన కాలువ కథ

బాపట్లలో అమ్మమ్మ బాప్టిస్టు. ఎనభై దాటాయి. శుభలేఖ చేతికిస్తే ముందు అడిగింది, "తాళాలు తీశారా?" అని.

"లేదు అమ్మమ్మా."

"క్లౌ దొరగారి కాలువ కథ చెప్పానా నీకు?" అంది. చిన్నప్పుడు చాలాసార్లు చెప్పింది. మళ్లీ విన్నాను.

1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకున్నాడు. దేవుడి పేరు చెప్పి గంజి పోయడానికి కాదు, పని ఇచ్చి కూలి ఇవ్వడానికి. ఆ కాలంలో వేలమంది మమ్మల్ని చేర్చుకోండని వచ్చారు. కరువు పని నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని. కరువు తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో నిలబడి ఇచ్చింది తెలుగు బోధకులు.

"చూడరా, ఆ రోజుల్లో ఆకలితో ఉన్నోళ్లని ఏం చెయ్యమన్నా చేస్తారు. ఆయన చెయ్యమనలా. అధికారం అంటే అదీ. ఉండి కూడా వాడకపోవడం" అంది అమ్మమ్మ.

స్టూవర్టుపురంలో ఇంకో కథ

అయితే చర్చి ప్రతిసారీ అలా ఉండలేదు. బాపట్ల నుంచి చీరాల వైపు వెళ్తే కాసేపట్లోనే స్టూవర్టుపురం వస్తుంది. మన జనరేషన్‌కి ఆ పేరు 2023లో వచ్చిన రవితేజ సినిమా 'టైగర్ నాగేశ్వరరావు'తో తెలుసు. మన నాన్నల జనరేషన్‌కి 1991 నాటి చిరంజీవి 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్'తో తెలుసు. రెంటిలోనూ దొంగలే. ఊరి అసలు కథ వేరు.

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం చేసింది. కొన్ని కులాలని పుట్టుకతోనే నేరస్థులుగా రాసేసింది. మన వైపు ఎరుకలవాళ్లు అందులో పడ్డారు. వాళ్లని ఒకచోట ఉంచడానికి 1913 ప్రాంతంలో స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి. నడిపింది సాల్వేషన్ ఆర్మీ.

బడి పెట్టారు, భూములిచ్చారు, పని చూపించారు. అది నిజం. హాజరు పిలిచే పద్ధతి, ఊరు దాటాలంటే అనుమతి కావాలన్న రూలు, అదీ నిజం. సువార్త చెప్పే చెయ్యీ, తాళం వేసే చెయ్యీ ఒకటే అయ్యాయి. వాళ్లలో చాలామంది మంచి ఉద్దేశంతోనే వచ్చి ఉంటారు. కానీ కాళ్లు కడగడానికి వచ్చినవాళ్ల చేతికి ప్రభుత్వం హాజరుపట్టీ ఇచ్చింది, వాళ్లు తీసుకున్నారు. ఆ చట్టం 1952లో పోయింది. పేరుకి అంటిన మరక మాత్రం సినిమాల దాకా వచ్చింది.

ఆ మరక తుడవడానికి 1970ల్లో వచ్చినవాళ్లలో హేమలతా లవణం ఒకరు. దొంగతనం మానేసి బతుకు మార్చుకునేవాళ్లకి అండగా ఆమె, భర్త లవణం ఏళ్ల తరబడి అక్కడ పనిచేశారు. ఆమె నాస్తికురాలు. నాస్తిక కేంద్రం పెట్టిన గోరా కోడలు. ఇంతకీ ఆమె ఎవరి కూతురో తెలుసా? మహాకవి గుర్రం జాషువా కూతురు. క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్న జాషువా!

ఈ సంగతి చెప్తే అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మత్తయి 21 తియ్యమంది.

అందులో దేవాలయం పెద్దలు యేసుని నిలదీస్తారు. ఏ అధికారంతో ఇవన్నీ చేస్తున్నావు, నీకు ఎవరిచ్చారు అని. యేసు సూటిగా జవాబు చెప్పడు. ఒక కథ చెప్తాడు. ఒక తండ్రికి ఇద్దరు కొడుకులు. తోటలో పని చెయ్యమంటే ఒకడు వెళ్లనన్నాడు, తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. రెండోవాడు అలాగే నాన్నా అన్నాడు, వెళ్లలేదు. తండ్రి మాట విన్నది ఎవరు?

నేను ఇన్నేళ్లుగా ఈ కథ విన్నాను. కానీ అధికారం ఎవరిది అన్న ప్రశ్నకి జవాబుగా వచ్చిన కథ ఇదని గమనించలేదు. శిరస్సు క్రీస్తే అని మా నాన్న అంటున్నాడు, బాబాయ్ అంటున్నాడు. అలాగే నాన్నా అన్న కొడుకు కూడా అదే అన్నాడు.

అమ్మమ్మ అంది, "మీ నాన్న, మీ బాబాయ్ కాదు. మీ చర్చి ఊడ్చే ఆమె ఎవరు? ఆమె ఇప్పుడేం చేస్తుందో చూడు."

నాన్న నోట్‌బుక్

మళ్లీ తెనాలి వచ్చి రేపల్లె రైలెక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే ఊళ్లో ఎవరితో ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాను. శనివారం సాయంత్రం చర్చి దగ్గరికి వెళ్లాను. ఎప్పుడూ ఊడ్చే అవ్వ వరండా ఊడుస్తోంది. తర్వాత రోడ్డు దాటి షెడ్డు కూడా ఊడ్చింది. "లోపల బూజు పట్టి ఉంటదయ్యా" అని తాళాల వంక చూసింది. ఆమెని ఏ వర్గమూ అడగలేదు నువ్వెటు అని.

ఆ రాత్రి నాన్నని ఒకటి అడిగాను. నిజం చెప్పాలంటే భయపడుతూనే. "నాన్నా, నువ్వు పదకొండేళ్లు కోశాధికారిగా చేశావు కదా. ఆ లెక్కలు సంఘం ముందు ఎప్పుడైనా చదివావా?"

"ఎవరూ అడగలేదు."

"బాబాయ్‌ని కూడా నువ్వు అడిగేదాకా ఎవరూ అడగలేదు."

ఆయన లేచి వెళ్లిపోయారు. నేను చెడగొట్టాననుకున్నా. అర్ధరాత్రి లైటు వెలిగింది. బీరువాలోంచి పాత నోట్‌బుక్‌లు తీసి లెక్కలు కూడుతున్నారు. నా ఫోన్ కాలిక్యులేటర్ ఇమ్మన్నారు. తెల్లారేదాకా ఇద్దరం కూర్చున్నాం. పైసా తినలేదు మా నాన్న, అది నాకు ముందే తెలుసు. కానీ 4,200 రూపాయలకి రసీదు దొరకలేదు.

ఆదివారం ఆయన షెడ్డుకి వెళ్లలేదు. వరండాకి వెళ్లారు. ఆరాధన అయ్యాక లేచి, "నేను చదవాల్సిన లెక్కలు నేనూ చదవలేదు. ఇవిగో" అని చదివారు. పదకొండేళ్లవి. రసీదు లేని డబ్బు కవర్లో పెట్టి బల్ల మీద ఉంచారు. చెయ్యి వణికింది. బాబాయ్ తల దించుకుని విన్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. నానమ్మ మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అంతా ఆ రోజే కలిసిపోయారని రాస్తే బాగుండేది. అలా జరగలేదు. సోమవారం పోయింది, మంగళవారం పోయింది. పెళ్లికి రెండు రోజుల ముందు పొద్దున్నే బాబాయ్ మా గుమ్మం ముందు నిలబడ్డారు. లోపలికి రాలేదు. "అన్నయ్యా, తాళంచెవి తీసుకుని రా" అన్నారు.

ఎవరి తాళం వాళ్లు తీశారు. అవ్వ చీపురుతో ముందు లోపలికి వెళ్లింది. పావురాల రెట్ట, బూజు, దుమ్ము. నాన్న ఒక వైపు, బాబాయ్ ఒక వైపు పట్టుకుని బెంచీలు బయటికి మోశారు. చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒక బెంచీ కాలు విరిగి ఉంటే "మేకులున్నాయా?" అని బాబాయ్ అడిగారు. ఎనిమిది నెలల తర్వాత వాళ్ల మధ్య మామూలు మాట అదే. పక్క ఊరి అయ్యగారు వచ్చి చెల్లి పెళ్లి లోపలే చేశారు.

అద్దె లెక్కలు బాబాయ్ కోత పండుగకి చదువుతానన్నారు. ఇంకా చదవలేదు. నాన్నని గ్రూప్‌లో మళ్లీ చేర్చలేదు కూడా. ఆరాధన మాత్రం ఒక్క చోటే, ఒక్క మైకుతో జరుగుతోంది. రెండు తాళాలూ, చెవులతో సహా, అవ్వ ఇంట్లో ఉన్నాయి. రాత్రి తలుపు వేసేది, పొద్దున తీసేది ఆమే.

మొన్న ఊరెళ్లినప్పుడు ఆమెని అడిగా, "ఇప్పుడు చర్చి తాళం నీ దగ్గరే కదా అవ్వా, అధికారం నీదేనా?" అని.

"నాదేంటయ్యా, ఊడవాలిగా, అందుకిచ్చారు" అంది.